చెట్టు దించిన తీపి: తాటి పాకం కథ

మనలి పేరు చెబితే చమురు శుద్ధి కర్మాగారం గుర్తొస్తుంది. అది నడక మొదలుపెట్టింది 1969లో. పక్కనే ఉన్న మాధవరం కుమరప్పపురంలో మరో సంస్థ ఉందని చాలామందికి తెలియదు. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్‌కు చెందిన కేంద్ర తాటిబెల్లం, తాటి ఉత్పత్తుల సంస్థ అది. తాడిచెట్టు గీయడం, పదనీరు (పులియని తాటి రసం) మరిగించడం, బెల్లం, కలకండ తీయడం అక్కడ పాఠాలు. చెట్టు రసం నుంచి తీపి చేసే విద్యకు చదువు హోదా ఇచ్చిన చోటు మన ఉత్తర చెన్నైలో ఉండడం నాకు గర్వంగా అనిపిస్తుంది.

చెట్టు రసాన్ని కాచి పాకం చేయడం అనగానే ఈ రోజుల్లో అమెరికా, కెనడాల మేపుల్ సిరప్ పేరు వినిపిస్తుంది. అక్కడి ఆదివాసులు తెల్లవాళ్లు రాకముందే మేపుల్ రసాన్ని మరిగించడం నేర్చారు. రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త ఎండ ఉంటే తప్ప ఆ చెట్టు రసం సరిగ్గా కారదు. కారినా అందులో చక్కెర నూటికి రెండు పాళ్లు. ఒక్క లీటరు సిరప్ కోసం దాదాపు 40 లీటర్లు ఇగరబెట్టాలి. మన తాటి పదనీరులో చక్కెర నూటికి పన్నెండు పాళ్ల దాకా ఉంటుంది. ఐదారు లీటర్లు కాస్తే కిలో పాకం చేతికొస్తుంది. ఇంత ఉదారమైన చెట్టును ఊరి పొలిమేరలో పెట్టుకుని, దూరదేశపు సీసాకు అంత డబ్బు పోయడం నాకు నచ్చదు.

తాటి రసం కథంతా చిటికెడు సున్నం చుట్టూ తిరుగుతుంది. గీత కార్మికుడు పోతుతాటి గెలనైనా, పండుతాటి గెలనైనా రోజూ కత్తితో పలచగా గీసి కింద ముంత కడతాడు. ముంత లోపల సున్నం పూస్తే పదనీరు, పూయకపోతే కల్లు. గాలిలోని ఈస్ట్ రసంలో చేరిన కొద్ది గంటల్లోనే తీపి పులుపవుతుంది. సున్నం ఆ పులియడాన్ని ఆపుతుంది. ఇంకో మేలు కూడా చేస్తుంది. రసం పులిసి ఆమ్లం పెరిగితే చక్కెర విడిపోయి, ఎంత కాచినా బెల్లం గట్టిపడదు. సున్నం దాన్నీ అడ్డుకుంటుంది. అయితే అది ఎక్కువైతే బెల్లం నల్లబడి రుచి చెడుతుంది. అందుకే పదనీరును కాసేపు కదపకుండా ఉంచి, సున్నం అడుగుకు దిగాక పైతేటను మాత్రమే వంచుకుంటారు.

ఇంట్లో చేసుకోవాలంటే పొద్దున దించింది పొద్దునే పొయ్యెక్కాలి. వెడల్పాటి బాణలిలో పోసి, మొదట్లో పైకి తేలే తెట్టు ఎప్పటికప్పుడు తీసేయాలి. సగం ఇగిరాక నురగ ఒక్కసారిగా పొంగుతుంది. అప్పుడు పల్లెల్లో నలగ్గొట్టిన ఆముదపు గింజ వేస్తారు. మన వంటింట్లో ఆ గింజ వద్దు, దానిలో విషముంది. ఒక చుక్క కొబ్బరినూనె చాలు, నురగ అణిగిపోతుంది. వేడి 104 డిగ్రీల సెల్సియస్ దాటుతుండగా తీగపాకం వస్తుంది. అక్కడ దించితే అది మన మేపుల్ సిరప్. అంతకంటే పలచగా ఉంటే నాలుగు రోజుల్లో పులుస్తుంది. చిక్కగా ఉంటే సీసా అడుగున గట్టిపడుతుంది. ఇంకా కాచి ముదురుపాకం వచ్చాక కొబ్బరి చిప్పల్లో పోస్తే, అరచేతిలో ఇమిడే కరుపట్టి తయారవుతుంది. దక్షిణ తమిళనాట ఈ పొయ్యి దగ్గర నిలబడేది ఎక్కువగా ఆడవాళ్లే. చెట్టెక్కే మగవాడికి పేరొచ్చింది కానీ, పాకం చదవగలిగే కన్ను ఆమెది.

పాతకాలంలో అటు మేపుల్‌నూ, ఇటు తాటినీ ఎక్కువగా గట్టి చక్కెరగానే దాచుకున్నారు. గట్టి ముద్ద పాడవదు, మోయడం సులువు. చెరుకు చక్కెర చవకయ్యాక, రేకు డబ్బాలు వచ్చాక, 19వ శతాబ్దపు రెండో సగంలో అమెరికా పాకం వైపు తిరిగింది. అంతకుముందే, 1791లో బెంజమిన్ రష్ అనే వైద్యుడు థామస్ జెఫర్సన్‌కు మేపుల్ చక్కెరను మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. వెస్టిండీస్ చెరుకుతోటల్లో బానిసలు చేసే చక్కెర బదులు చెట్టు తీపి వాడాలని ఆయన వాదన.

అదే తరహా వాదన మన దగ్గర 1930లలో పుట్టింది. గాంధీజీ 1934లో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టి, తంజావూరులో పుట్టిన జె. సి. కుమరప్పకు నిర్వహణ అప్పగించారు. తాడి బీడుభూమిలో, నీరు పెట్టకపోయినా పెరుగుతుంది. చక్కెర దాని నుంచి తీసుకుంటే చెరుకు మింగే మంచి నేలా, నీళ్లూ వరికి, పప్పులకు మిగులుతాయని కుమరప్ప లెక్క. ఆయన ఆర్థికశాస్త్రం చదివినవాడు. ఆ లెక్క నేటికీ తప్పలేదని నా నమ్మకం. మాధవరంలోని కుమరప్పపురం ఆయన పేరు మీద వెలిసిందే.

మద్యనిషేధం ఈ కథను మరో మలుపు తిప్పింది. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మొదలుపెట్టిన నిషేధం, 1948కల్లా మద్రాసు రాష్ట్రమంతా పరుచుకుంది. కల్లు ఆగితే గీత కుటుంబాలకు బతుకేది? ముంతకు సున్నం పూసి బెల్లం కాయడమే దారిగా చూపించారు. మధ్యలో నిషేధం సడలినా, 1987లో తమిళనాట కల్లు మళ్లీ మూతబడింది. అప్పటి నుంచి ఇక్కడ తాటి రసం చట్టబద్ధంగా అందేది పదనీరుగానే.

2021 తమిళనాడు వ్యవసాయ బడ్జెట్‌లో తాటి అభివృద్ధి పథకం కింద 76 లక్షల గింజలు పంచుతామన్నారు. తాడి నరకాలంటే కలెక్టరు అనుమతి ఉండాలన్నారు. ఈ రెండూ మంచి నిర్ణయాలే. అయితే తాడి గెల వేయడానికి పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది. ఆ రోజున ఎక్కడానికి మనుషులు కావాలి. మీంజూరు, పొన్నేరి దారుల్లో చెట్లు కనిపిస్తాయి, గీసేవాళ్లు మాత్రం అరుదు. చెట్టు మీద నుంచి పడితే ఆ కుటుంబానికి దిక్కేదన్న భయం పిల్లల్ని ఆ పని నుంచి దూరం చేస్తోంది. బీమా, నమ్మకమైన ఎక్కే పరికరం, పదనీరుకు స్థిరమైన ధర: ఈ మూడూ లేకుండా కొత్త కుర్రాడు మోకు భుజాన వేసుకోడు.