5,16,360 (సంఖ్య)

ఐదు లక్షల పదహారు వేల మూడు వందల అరవై అనే ఈ సరిసంఖ్య కడప జిల్లా ప్రొద్దుటూరు పిన్‌కోడ్‌. దేశంలో పిన్‌కోడ్ల పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది.

దీని ప్రధాన కారణాంకాల లబ్ధం 2×2×2×3×5×13×331. మొత్తం భాజకాలు 64. తనను మినహాయించి మిగతా భాజకాలన్నీ కూడితే 11,56,920. అంటే సంఖ్యకు రెట్టింపు కన్నా ఎక్కువ.

13తో భాగింపబడుతుందని నోటిలెక్కతోనే తేల్చవచ్చు. మూడేసి అంకెలుగా విడదీసి తీసివేస్తే 516−360=156, అంటే పన్నెండు పదమూళ్లు. 1001=7×11×13 కావడమే ఇందులోని కిటుకు; 7కూ 11కూ ఇదే పరీక్ష పనిచేస్తుంది. పులివెందుల 516390కి తేడా 126, కాబట్టి 7తో భాగింపబడుతుంది. జమ్మలమడుగు 516434కి తేడా 82. అది 7, 11, 13లలో దేనికీ లొంగదు.