అవిన్యోన్ ప్రాంగణం, మెలట్టూరు వీధి

ఒక నాటకం తన ఊరిని, తన భాషను దాటి వెళ్ళినప్పుడు ఏది నిలుస్తుంది, ఏది జారిపోతుంది? తెలుగునాటికి వెలుపల తెలుగు చదువుకుంటున్న మనకు ఇది పాఠ్యపుస్తకంతో తీరిపోయే ప్రశ్న కాదు. ఫ్రాన్సు దక్షిణ భాగాన, రోన్ నది ఒడ్డున ఉన్న అవిన్యోన్ పట్టణపు నాటకోత్సవ చరిత్రను ఈ దృష్టితో పరిశీలించాలని మా ఉద్దేశం.

14వ శతాబ్దంలో పోపులు నివసించిన ప్రాసాదం ఆ పట్టణంలో ఉంది. 1947లో అక్కడ ఒక చిత్రకళా ప్రదర్శన ఏర్పాటు చేసినవారు, నటుడూ దర్శకుడూ అయిన జాఁ విలార్‌ను ఒక నాటకం ఆడమని కోరారు. ప్యారిస్‌లో అప్పటికే పేరు తెచ్చిన నాటకాన్ని తిరిగి ఆడటానికి ఆయన ఇష్టపడలేదు. అక్కడివారికి కొత్తవైన మూడు నాటకాలు సిద్ధం చేశారు. వాటిలో షేక్‌స్పియర్ 'రెండవ రిచర్డ్'ను ప్రాసాదపు ముంగిట, ఆకాశం కింద ఆడారు. వేదిక కట్టడానికి సైనికులు సాయపడ్డారు. మంచి నాటకం రాజధానిలోని కొద్దిమందికే పరిమితం కారాదన్నది విలార్ ఆశయం. మరుసటి ఏడు నుంచి ఇది వేసవి ఉత్సవంగా స్థిరపడింది.

దాదాపు ఇరవై ఏళ్ళు అక్కడ నాటకానిదే రాజ్యం. 1966లో మోరిస్ బెజార్ బృందంతో నృత్యం ఆ ప్రాంగణంలో అడుగుపెట్టింది. 1976లో రాబర్ట్ విల్సన్, ఫిలిప్ గ్లాస్‌ల 'ఐన్‌స్టైన్ ఆన్ ది బీచ్' తొలి ప్రదర్శన అవిన్యోన్‌లోనే జరిగింది. సుమారు ఐదు గంటల ఆ సంగీత రూపకంలో వరుసగా నడిచే కథ లేదు. గాయకులు పాడినవి చాలావరకు అంకెలు, స్వరనామాలు. మన నర్తకుల జతులు విన్నవారికి ఇది అంత వింతగా తోచదు. అర్థమున్న మాట లేకున్నా లయ ప్రేక్షకుని కూర్చోబెట్టగలదు.

కథ మనదైనప్పుడు సమస్య వేరు. 1985లో పీటర్ బ్రూక్ 'మహాభారతం' అవిన్యోన్ సమీపంలోని బూల్బోన్ రాతి గనిలో ప్రదర్శితమైంది. జాఁ క్లోద్ కారియేర్ ఫ్రెంచిలో రాసిన ఆ నాటకం మూడు భాగాలూ కలిపి సుమారు తొమ్మిది గంటలు. అనేక దేశాల నటుల నడుమ ద్రౌపదిగా మల్లికా సారాభాయ్ నటించారు. తర్వాత దానిని ఇంగ్లీషులోనూ ఆడారు. 1989లో చలనచిత్రంగానూ వచ్చింది. ప్రశంసలతో పాటు విమర్శలూ వచ్చాయి. భారతాన్ని దాని ధార్మిక, సామాజిక నేపథ్యం నుంచి విడదీశారని రుస్తుం భరూచా తీవ్రంగా ఆక్షేపించారు.

ఆ ఆక్షేపణలో బలం ఉంది. అయితే భాష మారడమే దోషమనుకుంటే 11వ శతాబ్దంలో నన్నయ చేసిన పనిని ఏమనాలి? ఆయనా భారతాన్ని మరో భాషలోకి తెచ్చారు, కొంత మార్చారు. తేడా ఆ తర్వాత కనిపిస్తుంది. నన్నయ మొదలుపెట్టినదాన్ని తిక్కన, ఎఱ్ఱన పూర్తిచేశారు, జనం చదివారు, పాడుకున్నారు, తమదిగా చేసుకున్నారు. బ్రూక్ బృందం మాత్రం ఒక ఊరి నుంచి మరో ఊరికి సాగిపోయింది. కథను ఎవరు తీసుకున్నారన్నదాని కంటే, తీసుకున్నాక దానితో ఎవరు కాపురం చేశారన్నది ముఖ్యమని మేము భావిస్తున్నాము.

తంజావూరు జిల్లాలోని మెలట్టూరు ఇందుకు మనకు దగ్గరి నిదర్శనం. అక్కడ ఏటా నృసింహ జయంతికి భాగవత మేళం జరుగుతుంది. వేంకటరామ శాస్త్రి తెలుగులో రచించిన 'ప్రహ్లాద చరిత్రము' వంటి నాటకాలను వరదరాజ స్వామి ఆలయం ముందు ఆడతారు. స్త్రీ పాత్రలను పురుషులే ధరించడం అక్కడి సంప్రదాయం. చూసేవారిలో ఎక్కువమంది తమిళులు. అయినా తెలుగు దరువులు నేటికీ అక్కడ వినబడుతున్నాయంటే, ఆ ఊరి కుటుంబాలు వాటిని తరతరాలుగా నేర్చుకుని, నేర్పడమే కారణం.

అవిన్యోన్‌లోనూ పరభాషా నాటకాలు ఆడుతున్నారు. 2023 నుంచి ఏటా ఒక భాషను అతిథిగా ఆహ్వానిస్తున్నారు. ఆ ఏడు ఇంగ్లీషు, 2024లో స్పానిష్, 2025లో అరబ్బీ. అతిథికి గౌరవం ఉంటుంది, వెళ్ళిపోయే రోజు కూడా ఉంటుంది. మెలట్టూరులో తెలుగు అతిథి కాదు, ఇంటి మనిషి. మనం ఉన్న ఊళ్ళలో మన భాష ఈ రెంటిలో ఏదవుతుందన్నది మనం ఏటేటా చేసే పనిని బట్టి ఉంటుంది.