రైతుకు సలహా చెప్పు విద్య

పెన్నానదికి ఉత్తరమున, సంగము బ్యారేజినుండి కాలువ మీదుగా వచ్చు నీటిని నిలువజేయు కనిగిరి రిజర్వాయరు చెంత, కోదండరామస్వామి కోవెల చుట్టును పెరిగిన బుచ్చిరెడ్డిపాలెము వరిపొలముల నడిమి ఊరు. నారు ఎప్పుడు పోయవలెను, ఏ వంగడము వేయవలెను, ముసురు పట్టినచో కోత ఆపవలెనా అను ప్రశ్నలు అచ్చట ఏటేట పుట్టుచునే యుండును. వానికి సమాధానము చెప్పుటయు ఒక వృత్తియే. కృత్రిమ మేధతో నడచు సాఫ్ట్‌వేరునకు నేడు రూపము దిద్దు డిజైనర్లు, తామెరిగినను ఎరుగకున్నను, ఆ వృత్తికి కడపటి వారసులు.

ఆ వృత్తిలో మొదటిది పంచాంగము. ఇరువదియేడు నక్షత్రములను అనుసరించి సంవత్సరమును ఇంచుమించు పదునాలుగేసి దినముల కార్తెలుగా విభజించి, ఏ కార్తెలో ఏ పని చేయవలెనో సామెతలలో ఇమిడ్చి చెప్పుటచేత, అక్షరము రానివానికి సైతము ఆ జ్ఞానము కంఠస్థమై యుండెను. అయితే మృగశిరతో ఏరువాక సాగించు ఆనవాయితీ నైరుతి వానలను నమ్ముకొన్న సీమలకు తగినంతగా నెల్లూరు సీమకు తగదు. ఇచ్చటి ప్రధానవర్షము ఈశాన్య ఋతుపవనముతో, బంగాళాఖాతపు వాయుగుండములతో, స్వాతి విశాఖ కార్తెల ప్రాంతమున వచ్చును. కావున ఉగాదినాడు పంచాంగశ్రవణము విన్న రైతే, కాలువకు నీరు వదలు వార్త తెలిసికొని, ఊరి పెద్దకాపు నడిగి, ఆ మాటను తన పొలమునకు సరిపుచ్చుకొనుచుండెను. సలహా అందరిది, దానిని మడికి అన్వయించు భారము మాత్రము వినినవానిది.

రెండవ ఘట్టము 1937లో ఈ ఊరనే ఆరంభమైనది. ఆనాటి మద్రాసు ప్రభుత్వము బుచ్చిరెడ్డిపాలెమున వరి పరిశోధన క్షేత్రమును నెలకొల్పెను. సన్నని బియ్యమునకు పేరెన్నికగన్న నెల్లూరు మొలగొలుకులు ఇంచుమించు ఆరునెలల పంట. అగ్గితెగులునకు సులభముగా లొంగునట్టిది. అట్టి నాటువరి చేలలో మేలైన వెన్నులను ఏరి, ఒక్కొక్క వెన్నుగింజలను వేరువేరు వరుసలలో నాటి, ఏండ్ల తరబడి పోల్చి చూచుట పరిశోధకుల పని. అచ్చట వెలువడిన వంగడములు ఊరిపేరును సంక్షేపించి బి.సి.పి. అను పొడి అక్షరములతో వ్యవహరింపబడినవి. పిమ్మట ఆ క్షేత్రము నెల్లూరునకు తరలినది. అగ్గితెగులును తట్టుకొను నెల్లూరు మసూరి, అనగా ఎన్.ఎల్.ఆర్. 34449, అచ్చటి పంటయే. ఈ ఘట్టమున సలహా స్వరూపము మారినది: కొత్త వంగడమును పాతదాని ప్రక్కనే ప్రదర్శనక్షేత్రమున పెంచి చూపగా, రైతు గట్టుమీద నిలిచి, కంకి పట్టి, గింజ నలిపి చూచి, తానే తీర్పు చెప్పుకొనుటకు అవకాశము కలిగెను.

మూడవ ఘట్టమున ఈ గట్టు మాయమైనది. 2004లో కిసాన్ కాల్ సెంటర్లు వచ్చి ఫోనులో నిపుణుని కంఠమును వినిపించినవి. 2016లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ సంస్థలు కర్నూలు జిల్లా దేవనకొండ మండలమున 175 మంది వేరుసెనగ రైతులకు, వాతావరణ గణాంకములను కంప్యూటరుచే మథింపజేసి, విత్తవలసిన అదనును తెలుగు సంక్షిప్తసందేశములుగా పంపినవి. జూను తొలివారముననే విత్తు అలవాటున్నవారిని మరికొన్ని వారములు ఆగుడని యంత్రము చెప్పెను. ఆగినవారికి సగటున 30 శాతము అధికముగా పండెనని ఇక్రిశాట్ ప్రకటించెను. పొలమున పరికరము పెట్టనక్కరలేదు, ఖరీదైన ఫోను కొననక్కరలేదు. చేతనున్న మామూలు ఫోనుకే మాట చేరునట్లు చేయుటలో డిజైనరు నేర్పు స్పష్టము.

సాధారణమైన సాఫ్ట్‌వేరున ఒక మీట నొక్కినచో ఎల్లప్పుడు ఒకే ఫలితము వచ్చును. కృత్రిమ మేధ ఇచ్చునది ఊహ. ఆ ఊహ తప్పినప్పుడు ఏమి జరుగునని తొలుతనే విచారించుట ఈ డిజైనరు పని. ‘రేపు వాన పడును’ అని వ్రాయవలెనా, ‘పదింట ఏడుపాళ్లు పడవచ్చును’ అని వ్రాయవలెనా? రెండవదానిని చదివిన రైతు కోత ఆపునా, ఆపడా? సందేహము వచ్చినచో వ్యవసాయాధికారితో మాట్లాడుటకు దారి తెరపై ఎచ్చట కనబడవలెను? ఇట్టి వాక్యములను నాలుగైదు విధముల వ్రాసి, రైతులచే చదివించి, వారు ఏమని గ్రహించిరో అడిగి, మరల దిద్దవలెను. తెరమీది రంగుల కన్న ఈ వాక్యపు దిద్దుబాటే శ్రమసాధ్యము.

పంచాంగము సరిపుచ్చుకొను స్వేచ్ఛ నిచ్చెను, ప్రదర్శనక్షేత్రము కంటితో పరీక్షించు అవకాశము నిచ్చెను. యంత్రము ఈ రెంటిలో ఏదియు తనంత తాను ఇయ్యదు, డిజైనరే కల్పింపవలెను. పంట నష్టమైనచో అప్పు తీర్చువాడు రైతు గాని యంత్రము కాదు. కావున తన మాటను ఎంతవరకు నమ్మవచ్చునో చెప్పని సలహాదారు, మనుష్యుడైనను యంత్రమైనను, పొలముగట్టున నిలువదగడు.