తీగ వంచిన ఇంజినీరు

మన బడిలో చదివిన రోజుల్లో స్లాబు పని జరిగిన చోటల్లా బైండింగు వైరు ముక్కలు ఏరుకునేవాళ్లం. ఆ తీగతో సైకిలు బొమ్మ చేస్తూ లెక్కల క్లాసులో దొరికిపోయి బెంచీ ఎక్కినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ పనికీ ఒక చరిత్ర ఉందని ఇంజినీరునయ్యాక గాని నాకు తెలియలేదు.

తీగ పని మనకు కొత్త కాదు. కంసాలి కమ్మచ్చులో పెద్ద బెజ్జం నుంచి చిన్న బెజ్జానికి లాగుతూ వెండిని సన్నబరుస్తాడు. కరీంనగర్ ఫిలిగ్రీకి ప్రాణం అలాంటి వెండి తీగే. అయితే అక్కడ తీగ అల్లికలో ఒదిగిపోతుంది. తీగనొక్కదాన్నే శిల్పంగా నిలబెట్టి పేరు తెచ్చుకున్నవాడు అమెరికన్ అలెగ్జాండర్ కాల్డర్.

1898లో పుట్టిన కాల్డర్‌కు తాత, తండ్రి ఇద్దరూ శిల్పులే. చిన్నప్పుడు వీధిలో దొరికిన రాగి తీగ ముక్కలతో అక్క ఆడుకునే బొమ్మలకు నగలు చేసేవాడు. చదివింది మాత్రం మెకానికల్ ఇంజినీరింగు. 1919లో పట్టా పుచ్చుకుని రకరకాల ఉద్యోగాలు చేశాడు. ఓడ బాయిలర్ గదిలో కూడా పనిచేశాడు. 1926లో పారిస్ చేరాక తీగతో నర్తకి జోసఫిన్ బేకర్ బొమ్మ చేశాడు, ఓ బుల్లి సర్కస్ కట్టాడు.

అతని ఉలి ప్లయరే. పెన్సిలు ఎత్తకుండా గీత గీసినట్టు తీగను వంచుకుంటూ పోయేవాడు. అతుకు కావలసిన చోట తీగకు తీగే చుట్టి బిగించేవాడు. 1929లో చేసిన చేపల తొట్టె బొమ్మలో చిన్న పిడి తిప్పితే చేపలు ఈదుతాయి. 1931లో అతని కదిలే శిల్పాలకు ‘మొబైల్’ అని పేరు పెట్టింది మార్సెల్ దుషాఁ. గాలికి ఊగే మొబైళ్లలో ఉన్నది మనం తొమ్మిదో తరగతిలో చదివిన సూత్రమే: బరువును దూరంతో గుణిస్తే రెండు వైపులా సమానం కావాలి. 1955లో గిరా సారాభాయ్ ఆహ్వానం మీద అహ్మదాబాద్ వచ్చి, అక్కడే ఉండి కొన్ని శిల్పాలు చేశాడు.

ఏ తీగ గుణం దానిది. బైండింగు వైరు కాల్చి మెత్తబరిచింది. వంచిన చోట నిలుస్తుంది, కాని తుప్పు పడుతుంది. సైకిలు స్పోకు వెనక్కి తన్నుతుంది, కావలసిన దానికన్నా కాస్త ఎక్కువ వంచాలి. రాగిని పదే పదే వంచితే గట్టిపడి విరుగుతుంది. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది. ఈ మూడూ కాలేజీ పుస్తకంలో చదవకముందే నా వేళ్లకు తెలుసు.

ఇంత తెలిసీ, మా అబ్బాయి ఎనిమిదో తరగతిలో తీగతో క్రేను చేస్తుంటే, ఫౌండేషన్ పరీక్ష ఉందని ప్లయర్ లాక్కుని బీరువాలో దాచాను. వాడు మళ్లీ అడగలేదు. ఆ ప్లయర్ ఇప్పటికీ అక్కడే ఉంది.

స్వర్ణోత్సవ నిధి నుంచి బడికి ఒక గట్టి బల్ల, పది ప్లయర్లు, ఒక చుట్ట బైండింగు వైరు కొనిద్దామని మన సంఘాన్ని కోరుతున్నాను. బల్ల మీద మొదటి ప్లయర్ నేను తెస్తాను. ఉపాధ్యాయులకూ ఒక మనవి: క్లాసులో ఎవడైనా తీగతో దొరికితే, బెంచీ ఎక్కించే ముందు ఆ అతుకు ఎలా వేశాడో ఒకసారి చూడండి.

— 1985 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి