ఆరియోమైసిన్ నుంచి చిగుళ్ళ చికిత్స వరకు: యల్లాప్రగడ సుబ్బారావు వారసత్వంపై ఒక పరిశీలన

మధుమేహం, చిగుళ్ళ వ్యాధి ఒకదానినొకటి పెంచి పోషిస్తాయి. రక్తంలో చక్కెర అధికమైనప్పుడు తెల్లరక్తకణాల రక్షణశక్తి సన్నగిల్లుతుంది. పంటిని పట్టి ఉంచే కణజాలంలోని కొల్లాజెన్ త్వరగా క్షీణిస్తుంది. చిగుళ్ళలో దీర్ఘకాలం కొనసాగే వాపు ఇన్సులిన్ పనికి అడ్డుపడి చక్కెర అదుపును కష్టతరం చేస్తుంది. 1993లో దంతవైద్య శాస్త్రవేత్త హెరాల్డ్ లోయె చిగుళ్ళ వ్యాధిని మధుమేహపు ఆరవ ఉపద్రవంగా పేర్కొన్నారు. ఈ రెండు వ్యాధుల చికిత్సా చరిత్రలో యల్లాప్రగడ సుబ్బారావు స్థానమేమిటన్నది ఆలోచించదగిన ప్రశ్న.

1895లో భీమవరంలో జన్మించిన సుబ్బారావు 1923లో అమెరికా చేరారు. హార్వర్డ్‌లో పరిశోధన సాగించి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలకు మారారు. అక్కడి పరిశోధనకు ఆయన నాయకత్వం వహిస్తున్న కాలంలోనే వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ నేలలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో ఇదే మొదటి ఔషధం. 1948లో ఇది లోకానికి వెల్లడైంది; ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు మరణించారు.

టెట్రాసైక్లిన్‌ను సుబ్బారావే కనుగొన్నారనడం తెలుగునాట పరిపాటి. ఆ మాట డగ్గర్‌కు అన్యాయం చేస్తుంది. సుబ్బారావు అసలు కృషిని కూడా మరుగుపరుస్తుంది. డెబ్బై దాటిన ఒక వృక్షశాస్త్రవేత్త మట్టి నమూనాలను ఓపికగా వడకట్టగలిగిన పరిశోధన వ్యవస్థను నడిపించడమే ఆయన ఘనత.

ఆ వ్యవస్థ ఫలితాలు ఆయన తర్వాతా కొనసాగాయి. 1983లో లోర్న్ గొలబ్ బృందం, లెడర్లీలోనే రూపొందిన మినోసైక్లిన్‌ను మధుమేహం కలిగించిన ఎలుకలకు ఇచ్చి పరిశీలించింది. చిగుళ్ళలో కొల్లాజెన్‌ను ఛేదించే ఎంజైము చురుకుదనం తగ్గింది. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకలలోనూ ఇదే కనిపించడంతో, క్రిములను చంపే గుణానికీ ఈ రక్షణకూ సంబంధం లేదని తేలింది. ఆ అవగాహనతోనే 1998లో అమెరికాలో 20 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్‌ను రోజుకు రెండుసార్లు వాడేందుకు అనుమతి లభించింది. క్రిములను చంపడానికి చాలని మోతాదు అది. పంటి గార తొలగించే చికిత్సకు తోడే గాని ప్రత్యామ్నాయం కాదు.

మధుమేహ పీడిత ఎలుకలోనే వెలుగుచూసిన ఈ గుణం సుబ్బారావు మరణించిన 35 ఏళ్ళకు గుర్తింపు పొందింది. కాబట్టి ఆయన వారసత్వాన్ని ఔషధాల పేర్ల జాబితాతో గాక, ఇతరుల అన్వేషణకు ఆయన కల్పించిన అవకాశంతో కొలవడమే చారిత్రక న్యాయం.