బిడ్డ చూపు తిప్పేదాకా

కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున సూర్యలంక ఒడ్డున నిలబడితే తడి ఇసుక మీద ఎన్ని పాదాలో. మడమ దగ్గర లోతుగా, నడుమ ఖాళీగా, ముందు అయిదు వేళ్ల గుంటలు. అల వచ్చి తుడిచేలోగా చూసుకోవాలి. నా చిన్నప్పుడు ఆ అచ్చుల్లో ఒకటి వేరుగా ఉండేది. దానికి మడమా లేదు, వేళ్లూ లేవు. చిన్న దోసకాయను పక్కకు పడుకోబెట్టినట్టు ఒక గుంట, దాని పక్కనే చేతికర్ర పొడిచిన బొక్క. అది ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముకునే ఒకాయన అచ్చు. పుట్టుకతోనే ఆయన కుడి పాదం లోపలికి మెలిపడి ఉంది. అరికాలు వెనక్కీ పైకీ చూసేది, పాదం పైభాగమే నేలకానేది. అక్కడ చర్మం కాయకాసి చెప్పు అట్టలా అయిపోయింది. ఏ చెప్పూ పట్టదు గనక సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకుని తాడుతో కట్టుకునేవాడు. అడిగితే, "మా అమ్మ కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పట్టిందయ్యా" అనేవాడు, పొట్లం కడుతూనే.

గ్రహణానికీ ఆయన కాలికీ సంబంధం లేదని ఇవాళ ఆశా కార్యకర్త కూడా చెప్పగలదు. దీన్ని డాక్టర్లు క్లబ్ ఫుట్ అంటారు, మనవాళ్లు వంకర పాదం అంటారు. దాదాపు వెయ్యి కాన్పుల్లో ఒక బిడ్డకు వస్తుంది. ఆడపిల్లల కన్నా మగపిల్లల్లో రెట్టింపు. సుమారు సగం మందికి రెండు పాదాలూ అలాగే ఉంటాయి. జన్యువుల పాత్ర ఉందని తెలుసు, ఫలానా కారణమని వేలుపెట్టి చూపించగలిగేది మాత్రం అరుదు. తల్లి తిన్నదానివల్లా కాదు, పడుకున్న తీరువల్లా కాదు. ఈ ఒక్క ముక్క ఎన్ని ఇళ్లలో అత్తాకోడళ్ల మధ్య గొడవలు ఆపగలదో ఎవరూ లెక్కవేయలేదు.

మా వైపు ఈ వంకరను మొదట కనిపెట్టేది బిడ్డకు నీళ్లు పోసే ముసలమ్మే. పీట మీద కూర్చుని, కాళ్లు చాచి, బిడ్డను తన కాళ్ల మీద బోర్లా వేసుకుని, నూనె రాసి, ఒక్కో కీలూ సాగదీస్తుంది. పాదం లోపలికి తిరిగి ఉంటే, "వత్తితే సరైపోతుందిలే అమ్మా" అంటుంది. చిత్రమేమిటంటే కొన్నిసార్లు నిజంగానే సరైపోతుంది. కడుపులో చోటు చాలక ముడుచుకున్న మెత్తటి పాదాలు కొన్ని ఉంటాయి. వాటిని వత్తకపోయినా వారాల్లో అవే తిన్నగా అవుతాయి. ఆ పేరు ముసలమ్మ ఖాతాలో పడుతుంది. అసలైన వంకర పాదం అలా లొంగదు. వేలితో తిప్పబోతే ఎదురు నెడుతుంది. మడమ బుల్లిగా, పైకి లాగేసినట్టు ఉంటుంది, అరికాలి మధ్య లోతైన మడత పడుతుంది. ఆ రెండింటి తేడా తెలియకే ఏళ్లు గడిచిపోయేవి.

లోకమంతా వత్తిడినే నమ్ముకుంది. క్రీస్తు పూర్వం 400 ప్రాంతంలో గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ మాత్రం, పసితనంలోనే మొదలుపెట్టి, మెల్లగా తిప్పుతూ, పట్టీలు చుట్టి, తర్వాత బూట్లు తొడిగితే చాలా పాదాలు బాగవుతాయన్నాడు. ఆ మాటను అందరూ మరిచిపోయారు. పందొమ్మిదో శతాబ్దానికి వచ్చేసరికి ఇంగ్లండులో హ్యూ ఓవెన్ థామస్ పేరుతో ఒక పానా తయారైంది. బోల్టు తిప్పినట్టు పాదాన్ని తిప్పడానికి.

ఇక్కణ్నుంచి కథ మనకు దగ్గరవుతుంది. బాపట్ల, తెనాలి, రేపల్లెల్లో జబ్బు ముదిరితే మూడు దారులుండేవి: గుంటూరు, మద్రాసు, రాయవేలూరు. గుంటూరు వైద్య కళాశాల 1946లో మొదలైంది. అదే ఏడాది చివర రాయవేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి పాల్ బ్రాండ్ అనే కుర్ర సర్జన్ వచ్చాడు. పుట్టింది 1914లో, తమిళ దేశపు కొల్లి కొండల్లో, మిషనరీ దంపతులకు. తొమ్మిదో ఏట చదువుకని ఇంగ్లండు పంపారు. కుష్ఠు రోగుల ముడుచుకుపోయిన చేతుల్ని ఆపరేషనుతో తెరిపించినవాడిగా ఆయన ప్రపంచానికి తెలుసు. వంకర పాదాల సంగతి ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

బ్రాండ్ లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో డెనిస్ బ్రౌన్ దగ్గర పనిచేశాడు. బ్రౌన్ ఆ రోజుల్లో మహా పేరున్నవాడు. ఆయన పద్ధతిలో బిడ్డ పాదాన్ని చేతి బలంతో తిప్పి, లోహపు పలకకు పట్టీలతో బిగించేవాళ్లు. చూడ్డానికి పాదం తిన్నగా వచ్చేది. రాయవేలూరులో బ్రాండ్‌కు ఎదురైనవి వేరే రకం పాదాలు. జన్మలో డాక్టరు చెయ్యి పడనివి, వంకరతోనే పెరిగి పెద్దవైనవి. ఆకారం ఘోరం. పట్టుకుని చూస్తే లోపలి కండా చర్మమూ మెత్తగా, సాగేలా ఉన్నాయి. ఇంగ్లండులో తిన్నగా చేసి పంపిన పాదాలేమో కొయ్యల్లా బిగుసుకుపోయేవి. ఆయనకు అప్పుడు అర్థమైంది. బలవంతంగా తిప్పిన ప్రతిసారీ లోపల ఏదో చిరుగుతోంది, వాస్తోంది, మానిన చోట మచ్చకట్టి గట్టిపడుతోంది. వంకరకన్నా వైద్యం చేసిన గాయమే పెద్దది.

మరి ఎంత తిప్పితే చాలు? దానికి ఆయన కనిపెట్టిన కొలబద్ద నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటేస్తుంది. బిడ్డను ఆకలితో తీసుకురమ్మని తల్లులకు చెప్పేవాడు. తల్లి కూర్చుని పాలిస్తుంటే ఆయన పాదం పట్టుకుని కొద్దికొద్దిగా తిప్పేవాడు. కళ్లు మాత్రం పాదం మీద కాదు, బిడ్డ ముఖం మీద. పాల మీదే ధ్యాస ఉన్నంతసేపూ తిప్పొచ్చు. బిడ్డ తాగడం ఆపి తన వైపు చూపు తిప్పిందంటే హద్దు దాటినట్టే. ఒక్క పిసరు వెనక్కి తగ్గి, అక్కడే ప్లాస్టర్ వేసేవాడు. కొన్నాళ్లకు విప్పి, మళ్లీ తల్లి పాలు, మళ్లీ పిసరంత. యంత్రం లేదు, ఎక్స్‌రే ఫిల్మ్ లేదు. నొప్పి ఎక్కడ మొదలవుతుందో చెప్పగలిగేది ఆ బిడ్డ ఒక్కతే కదా, ఆమెనే అడిగాడు.

బ్రాండ్ పుట్టిన 1914లోనే, జూన్ 3న, స్పెయిన్‌కు చెందిన మెనోర్కా దీవిలో గడియారాలు బాగుచేసే ఒకాయన ఇంట ఇగ్నాసియో పొన్సేటి పుట్టాడు. అంతర్యుద్ధంలో సైనికులకు ఎముకలు కట్టి, ఓడిపోయిన పక్షం గనక 1939లో పిరనీస్ కొండలు దాటి ఫ్రాన్సుకూ, మెక్సికోకూ, 1941లో అమెరికాలోని అయోవాకూ చేరాడు. అక్కడ ఎముకల విభాగం పెద్దాయన అప్పగించిన పని, పాత ఆపరేషను పాదాలు పెద్దయ్యాక ఎలా ఉన్నాయో చూడడం. చూస్తే బ్రాండ్ చూసిందే. బిగుసుకున్నవి, నొప్పి పెట్టేవి. 1940ల చివర్లో తన పద్ధతి మొదలుపెట్టాడు, 1963లో ప్రచురించాడు. మూడు దశాబ్దాలపాటు తోటి సర్జన్లు పట్టించుకోలేదు. కత్తి పట్టిన చేతికి పట్టీ చుట్టమంటే నామోషీ కాబోలు. 1995లో ఆయన పాత రోగుల లెక్క వచ్చింది. అప్పటికి వాళ్ల సగటు వయసు 34 ఏళ్లు. నూటికి 78 మంది పాదాలు బాగా పనిచేస్తున్నాయి. ఏ వంకరా లేకుండా పుట్టినవాళ్లలో ఆ సంఖ్య 85. ఆ తర్వాతే సర్జన్లు కత్తులు పక్కన పెట్టారు.

పొన్సేటి పద్ధతి చూడ్డానికి ఎంత తేలికో, చెయ్యడానికి అంత కిటుకు. చీలమండ ముందు, బయటి వైపు చర్మం కింద గోలీ అంత ఎముక తగులుతుంది. బొటనవేలు దాని మీద ఆనించి ఉంచాలి. రెండో చేత్తో బిడ్డ పాదం ముందు భాగాన్ని బయటికి తిప్పాలి. మడమను ముట్టుకోకూడదు. గోలీ చుట్టూ పాదమంతా తిరిగితే మడమ తనంతట తాను వెంట వస్తుంది. మొదటి వారం బొటనవేలి వైపు పైకెత్తి కడతారు. అప్పుడు పాదం ముందుకన్నా వంకరగా కనిపించి తల్లి బెంబేలెత్తుతుంది. పలచగా దూది చుట్టి, ప్లాస్టర్ పట్టీ నీళ్లలో ముంచి, మోకాలు మడిచి తొడ దాకా వేస్తారు. మోకాలి కిందనే ఆపితే బిడ్డ తన్ని జార్చేసుకుంటుంది. వారం వారం మార్చి, అయిదారు కట్లయ్యేసరికి పాదం బయటికి చూస్తుంది.

అప్పటికీ మడమ కిందికి దిగదు. ఎక్కువమంది పిల్లలకు ఇక్కడ చిన్న కోత కావాలి. "మడమ నరం కోసేస్తారంట" అన్న వార్త ఊళ్లోకి రాగానే తాతమ్మల దాకా ఏడుపులే. అది నరం కాదు. పిక్కను మడమకు కట్టే పగ్గంలాంటి పట్టీ. మొద్దుబారే మందిచ్చి, చిన్న గాటుతో పూర్తిగా తెంపుతారు. మూడు వారాలు చివరి కట్టులో ఉండేసరికి తెగిన కొసల మధ్య కొత్త పట్టీ, కావలసినంత పొడవుతో, అతుక్కుపోతుంది. పసివాళ్ల ఒంటికే ఉన్న వరం అది.

ఇదంతా పసితనంలోనే జరగాలంటే వంకరను ముందే కనిపెట్టాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుకతో వచ్చే లోపాల జాబితాలో వంకర పాదాన్ని చేర్చింది. కాన్పు దగ్గరే బిడ్డను తల నుంచి పాదాల దాకా చూడాలి. ఆసుపత్రి కాన్పయితే మూడో రోజు నుంచి నలభై రెండో రోజు దాకా ఆరుసార్లు ఆశా కార్యకర్త ఇంటికి రావాలి. సూర్యలంక పల్లెకారుల ఇంటికైనా, తెనాలి మేడకైనా అవే ఆరుసార్లు. నీళ్లు పోసే ముసలమ్మను కూడా ఈ గొలుసులో కలుపుకుంటే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది. బిడ్డ పాదాన్ని అందరికన్నా ముందు, రోజూ, వట్టి చేత్తో పట్టుకునేది ఆవిడే.

ప్లాస్టర్ల కాలం రెండు నెలలు. బూట్ల కాలం నాలుగైదేళ్లు. ఒక కడ్డీకి రెండు బూట్లు, బయటికి తిరిగి ఉంటాయి. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆపైన నిద్రపోయేటప్పుడు. మన ఆసుపత్రుల్లో దీన్ని డీబీ స్ప్లింట్ అంటారు. డీబీ అంటే డెనిస్ బ్రౌన్. బలం వదిలేశాం గానీ ఆయన కడ్డీని మాత్రం దగ్గరే ఉంచుకున్నాం. పాదం మళ్లీ వెనక్కి తిరిగిందంటే పదింట తొమ్మిదిసార్లు బూట్ల దగ్గరే కథ చెడి ఉంటుందని ఎముకల డాక్టర్లు అంటారు. బిడ్డ ఏడుస్తోందని ఒక రాత్రి, పెళ్లికెళ్లామని రెండు రాత్రులు, "నడుస్తోందిగా, ఇంకా ఎందుకు?" అని ఆపైన నెలలు.

బూట్లు ఆగకుండా తొడిగిన పిల్లలు బడిలో పరుగెత్తుతారు, చెట్లెక్కుతారు. చూసినవాడికి తేడా తెలియదు, చెప్పుల కొట్టువాడికి తప్ప. వంకర సరైన కాలి పిక్క కాస్త సన్నగా ఉంటుంది, పాదం ఒక నంబరు తక్కువ ఉంటుంది. కొట్టువాడు జత విడదీసి అమ్మడు. తండ్రి రెండు జతలు కొంటాడు. మిగిలిన రెండు చెప్పులు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, ఇంట్లో మంచం కింద ఓ మూల పడి ఉంటాయి.