‘జ్ఞా’ కొట్టిన దెబ్బ

2018 ఫిబ్రవరిలో తెలుగక్షరం ఒకటి లోకమంతా వార్తల్లోకెక్కింది. మన భాషకి అంత పబ్లిసిటీ ఎందుకొచ్చిందయ్యా అంటే, ఆ అక్షరం ఐఫోన్లని పడగొట్టింది కాబట్టి. మెసేజిలో అది వస్తే చాలు, చూపించబోయిన ఆప్ టపీమని మూతపడేది. నోటిఫికేషన్‌గా వస్తే ఏకంగా హోంస్క్రీనే కూలేది. వాట్సాప్, జీమెయిల్, ఫేస్‌బుక్ మెసెంజర్ – ఏదీ తట్టుకోలేదు. ఆకతాయిలు కొందరు దాన్ని ట్విట్టర్‌లో తమ పేరు పక్కన తగిలించుకుని మరీ తమాషా చూశారు.

మా ఆఫీసులో అమెరికన్లు “ఇది మీ భాషేనటగా, దీనికి అర్థమేంటి?” అని నన్నడిగారు. జ్ఞానం అన్న మాటకి మొదటక్షరం అని చెబితే పడీపడీ నవ్వారు. జ్ఞాపకానికీ మొదటక్షరం అదే. ఆ సంగతి చివర్లో చెబుతాను.

నిందంతా తెలుగు మీద వేశారు గానీ, మనం మామూలుగా రాసుకునే ‘జ్ఞా’తో ఏ ఫోనూ పడలేదు. కంప్యూటర్ లెక్కలో అది ఒక అక్షరం కాదు. జ, పొల్లు, ఞ, ఆ పైన దీర్ఘం, మొత్తం నాలుగు ముక్కలు. ఞకీ దీర్ఘానికీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనబడని ఐదో ముక్క దూరితేనే పేచీ. అదేమీ దొంగ ముక్క కాదు లెండి. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ట కింద వ వత్తు పడకుండా మనం రోజూ వాడేదే. ఇలాంటి వరసలే బెంగాలీలోనూ దేవనాగరిలోనూ కూడా ఐఫోన్ని పడగొడతాయని తర్వాత తేలింది. అంటే తప్పు ఆ వరసని సరిగ్గా చూసుకోని ప్రోగ్రాముదే.

సరే, ఆపిల్ వాళ్ళు ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వదిలి దీన్ని సరిచేశారు. వార్త గుప్పుమన్నాక వారం కూడా పట్టలేదు. మెచ్చుకోవాల్సిందే. నాకు మాత్రం పాత లెక్కలు కొన్ని గుర్తొచ్చాయి.

యూనికోడ్ మొదటి వెర్షన్ 1991లో వచ్చింది. అందులోనే తెలుగుకి 128 గళ్ళు కేటాయించారు. రిజర్వేషన్ అయితే అయిపోయింది, బండే రాలేదు. విండోస్ 2000లో హిందీకీ తమిళానికీ చోటు దొరికింది, మనకి దొరకలేదు. చివరికి 2001లో ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చింది. అప్పుడైనా కొనగానే అక్షరాలు తిన్నగా కనబడ్డాయా? కంట్రోల్ పానెల్లోకి వెళ్ళి, కాంప్లెక్స్ స్క్రిప్టుల దగ్గర టిక్కు పెట్టి, అది అడిగిన విండోస్ సీడీ వెతికి పెట్టి, మెషీన్ రీస్టార్ట్ చెయ్యాలి. ఆఫీసు కంప్యూటరైతే ఆ సీడీ ఎవడిస్తాడు? గుణింతాలూ వత్తులూ విడిపోయి చెల్లాచెదురుగా పడివుంటే, అలాగే కూడబలుక్కుని చదివేవాళ్ళం.

ఈ లోపల పత్రికలవాళ్ళు ఆగలేక ఎవరి ఫాంటు వాళ్ళు చేయించుకున్నారు. ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టడమన్నమాట. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్లో ముచ్చటగా కనబడే పేజీ ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే పిచ్చిగీతలు. కాపీ చేసి మెయిల్లో పెట్టినా పిచ్చిగీతలే. గూగుల్లో వెతికితే దొరకదు, ఎందుకంటే దాని కంటికి అది తెలుగే కాదు.

ఈ తలనొప్పికి మందు చాలావరకు మనవాళ్ళే నూరుకున్నారు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి 1990లలో రైస్ యూనివర్సిటీలో పుట్టింది. లేఖిని ఆ పద్ధతినే వాడుకుని మనచేత యూనికోడ్ తెలుగు రాయించింది. పద్మ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ పత్రికల ఫాంట్లని అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. ఇవన్నీ పైసా తీసుకోకుండా పంచిపెట్టినవి.

ఇప్పుడు రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. తెలుగు కనబడక తెలుగువాళ్ళు ఇబ్బంది పడితే పదేళ్ళు పట్టింది. తెలుగు కనబడి మిగతావాళ్ళు ఇబ్బంది పడితే వారంలో తేలిపోయింది. ఇందులో కుట్రేమీ లేదు. ఈ వృత్తిలో ఉన్నవాణ్ణి కాబట్టి బగ్గుల జాబితా ఎలా తయారవుతుందో నాకు తెలుసు. ఎక్కువమంది కస్టమర్లు గోల చేసినది పైకెళుతుంది, మిగతావి కింద పడివుంటాయి. మన గొంతు ఆ జాబితా దాకా చేరేది కాదు, అంతే.

ఇక జ్ఞాపకం సంగతి. ఆ పాత ఫాంట్లలో టైపు చేసిన కథలూ, వ్యాసాలూ, సంఘాల సావనీర్లూ ఇంకా ఎన్నో ఇళ్ళలో సీడీల్లో, అటకెక్కిన డెస్క్‌టాపుల్లో ఉన్నాయి. ఫాంటు ఫైలు పోయిన రోజున అందులోని తెలుగు కూడా పోయినట్టే, గీతలు మిగులుతాయి. దానికి ఏ కంపెనీ అప్‌డేటూ రాదు. మీ దగ్గర అలాంటివి ఉంటే ఈ శనాదివారాల్లో బయటికి తీయండి. ఫాంటుతో సహా ఒక కాపీ దాచి, యూనికోడ్‌లోకి మార్చుకోండి. మార్చడం చేతకాకపోతే తెలిసినవాళ్ళ నడగండి, ఇలాంటి పనికి విసుక్కోనివాళ్ళు మనలో చాలామందే ఉన్నారు.